డు, ము, వు, లు: విభక్తులు మరచిపోకుండా



తెలుగు పరీక్ష అనగానే మనలో చాలామందికి విభక్తుల భయం. గైడు కొనే స్థోమత, ఇంట్లో చెప్పేవాళ్ళు లేని మనకు గుర్తులే ఆస్తి. మేము నేర్చుకున్న గుర్తులు మీ ముందుంచుతున్నాం.

1. పేర్లు: పండుగలను తలచుకోండి. వినాయక చవితి నాలుగో తిథి. చవితి అంటే చతుర్థి. బాసరలో అక్షరాభ్యాసాలు జరిగే వసంత పంచమి అయిదు. సుబ్రహ్మణ్య షష్ఠి ఆరు, రథసప్తమి ఏడు. ఇక వరుస తప్పదు.

2. ప్రత్యయాలు: గొంతెత్తి, తాళం వేస్తూ చదవండి.
డు, ము, వు, లు – ప్రథమ
ని, ను, ల, కూర్చి, గురించి – ద్వితీయ
చేత, చే, తోడ, తో – తృతీయ
కొరకు, కై – చతుర్థి
వలన, కంటె, పట్టి – పంచమి
కి, కు, యొక్క, లో, లోపల – షష్ఠి
అందు, న – సప్తమి
ఓ, ఓయి, ఓరి, ఓసి – సంబోధన ప్రథమ

3. మన మాట: ఇవి పుస్తకంలోనే లేవు, మన నోట్లోనూ ఉన్నాయి. "తమ్ముని పిలువు" ద్వితీయ. "అమ్మతోని పోయిన" తృతీయ. "అన్న నాకంటె పెద్దోడు" పంచమి. "ఊళ్ళె ఉన్నడు" అంటే ఊరిలో, షష్ఠి. "ఎండన వడి వచ్చిండు" సప్తమి. "పనికోసం బొంబాయి పోయిండు" అన్నప్పుడు 'కోసం' పట్టికలో కనపడదు. 'కొరకు' పెట్టి చూడండి, చతుర్థి అని తెలిసిపోతుంది.

4. జాగ్రత్త: "తమ్మునికి బువ్వ పెట్టు" అన్నచోట ఇవ్వడమనే అర్థం చూసి చతుర్థి అని రాస్తారు. సంస్కృతంలో అది నిజమే. తెలుగులో మాత్రం కి, కు షష్ఠీ ప్రత్యయాలు. ఇక్కడ అర్థం కాదు, కంఠస్థమే కాపాడుతుంది. 'కోసం' దగ్గర కంఠస్థం చాలదు, అర్థమే కాపాడుతుంది. రెండూ కావాలి.

ఈ బాధ మనకొక్కరికే కాదు. లాటిన్ నేర్చుకునే ఐరోపా పిల్లలు కూడా 'మెన్సా, మెన్సా, మెన్సామ్' అంటూ బల్ల అనే మాట రూపాలను వల్లె వేసేవారు. మన ఆదిలాబాదు హాస్టళ్ళలోని గోండి, కొలామి మాట్లాడే తమ్ముళ్ళకు ఒక మాట: మీ భాషలూ తెలుగుకు చుట్టాలే, ద్రావిడ కుటుంబానివే. వాటిలోనూ ప్రత్యయం నామం చివరనే చేరుతుంది. మీ ఇంటి మాటతో పోల్చి చూసుకోండి.

ఇంటి మాట తప్పని ఎవరన్నా తల దించుకోకండి. వ్యాకరణం అందులోనూ ఉంది. రాత్రి స్టడీ అవర్‌లో నలుగురు కలిసి రోజుకొక విభక్తి, పది సొంత వాక్యాలు రాయండి. వారం దాటి ఒక్కరోజులో పట్టిక మీదే!