కంప పని ఒప్పుకునే ముందు

ఏర్పేడు పక్కన ఐఐటీ, ఐసర్ వచ్చాక బీడుపెట్టిన చేలకు కూడా కదలిక వచ్చింది. సొంతదారు తిరుపతిలోనో చెన్నైలోనో ఉంటాడు. ఇక్కడ కంప గెనిమ దాటి చేను మధ్యకొచ్చి, మనిషి దూరే సందు లేకుండా అల్లుకుపోయి ఉంటుంది. ఒకనాడు ఫోనొస్తుంది: "అన్నా, మూడెకరాలుంది, జేసీబీ పెట్టి శుభ్రం చేసిస్తావా, ఎంతవుతుంది?"

ట్రాక్టరో జేసీబీయో పెట్టుకుని ఈ పనుల మీద బతుకుదామనుకునే కుర్రాళ్ళు ఇక్కడే పొరపాటు పడతారు. గంటకింత అని ఒక్కమాటలో చెప్పేస్తారు. ఆ డబ్బు చెట్టు పెరకడానికి సరిపోతుంది, మళ్ళీ మొలవకుండా చూడటానికి చాలదు. ఏడాది తిరక్కుండా చేను మళ్ళీ కంపే. సొంతదారు తిట్టేది మాత్రం మిమ్మల్నే. అందుకే మొదటి మాటలోనే మూడు విడతల పని మాట్లాడుకోండి: ఇప్పుడు పెరకడం, వానలు పడ్డాక ఒకసారి దున్నడం, వచ్చే ఏడు మళ్ళీ ఒకసారి. రెండో మూడో విడతలకు ధర తక్కువే ఉంటుంది, కానీ ఏటా కదలకుండా వచ్చే పని అదే.

ఈ సీమకంప ఇక్కడి చెట్టు కాదు. 1877లో జమైకా విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. కరువు నేలలో వంటచెరకు అవుతుందని దాన్ని పెంచారు, అయింది కూడా. దాని మొండితనమంతా మొద్దులో ఉంది. నేలకు సమంగా కోస్తే చుట్టూ గుంపుగా పిలకలు లేస్తాయి, ఎందుకంటే ఆ మొగ్గలుండేది మట్టి కింద, మొద్దు మెడ దగ్గర. అడుగు లోతున వేరు తెగితే చాలావరకు చస్తుంది. అంతకంటే లోతుకు పోయి గుంతలు తవ్వడం డీజిల్ దండగ.

జేసీబీ ముందు బకెట్‌తో తోసుకుంటూ పోతే పని చకచకా సాగినట్టే కనిపిస్తుంది. చూసేవాళ్ళకూ ముచ్చటే. కానీ చెట్టు నేల దగ్గరే విరుగుతుంది, దాంతోపాటు జానెడు మంచి మన్ను లేచి కుప్పలోకి పోతుంది. మన ఎర్రనేలల్లో ఆ జానెడు పోతే మిగిలేది గరుసే. వెనక బకెట్ వాడండి. పళ్ళను మొద్దుకు అవతలి పక్కన దించి, బండి వైపుకు లాగి, పైకెత్తి రెండుసార్లు విదిలిస్తే మన్ను చేలోనే రాలిపోతుంది, వేరుతో సహా చెట్టు బయటికొస్తుంది. గంటలు కొంచెం ఎక్కువ పడతాయి, ఆ సంగతి ముందే చెప్పండి. పని మొదలయ్యేటప్పుడు, ఆపేటప్పుడు మీటరును సొంతదారు మనిషి ముందే ఫోటో తీయండి. మీటరులో 0.1 అంటే ఆరు నిమిషాలు. ఇంజన్ ఊరికే తిరుగుతున్నా అది తిరుగుతుంది కాబట్టి, భోజనానికి దిగితే ఆపేయండి. రానుపోను బండి ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి. తగాదాలన్నీ ఇక్కడే వస్తాయి.

బండి దించే ముందు కర్ర పట్టుకుని చేను చుట్టూ నడవాలి, అదీ ఆ పక్క మేకలు తోలే పెద్దాయన్ను వెంటబెట్టుకుని. కంపలో పాత దిగుడుబావి ఎక్కడుందో సొంతదారుకు తెలియకపోవచ్చు, ఆయనకు తెలుస్తుంది. ఎండిపోయి, గట్టు కూలి, కొమ్మలు కప్పేసిన బావి అంచున ఏడెనిమిది టన్నుల బండి నిలబడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బావి చుట్టూ దూరంగా కర్రలు పాతి ఎర్రగుడ్డలు కట్టండి. బోరు కేబుల్, కిందికి వేలాడే కరెంటు తీగలు, తేనెపట్టు కూడా అప్పుడే చూసుకోవాలి. పుట్ట కనిపిస్తే సొంతదారును అడగండి. శ్రీకాళహస్తి కూతవేటు దూరంలో పుట్ట మీద బకెట్ వేయడానికి ఏ డ్రైవరూ ఇష్టపడడు, బలవంతపెట్టకపోవడమే మంచిది. రక్తపింజరి ఉండే చోటు కాబట్టి ఒక పక్కనుంచి మొదలుపెట్టి, పాములు పోవడానికి అవతలి పక్క వదిలేయండి. చెప్పులతో కంపలో దిగొద్దు. కాటు పడితే నాటుమందు జోలికి పోకుండా నేరుగా పెద్దాసుపత్రికి, తిరుపతి రుయాకైనా సరే.

కాగితాల సంగతి. అడంగల్, 1-బి చూడకుండా బకెట్ దించొద్దు. హద్దు పక్కన వాగు పోరంబోకో అడవో ఉంటే సర్వేయరు రాయి చూపించాకే పని. వేప, చింత, టేకు లాంటివి అడ్డొస్తే ఆగండి, 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ఎర్రచందనం మొక్క బొటనవేలంత ఉన్నా, సొంత పట్టాలోనే మొలిచినా, అటవీ శాఖ అనుమతి లేకుండా ముట్టొద్దు. కేసు బండి మీదే పడుతుంది.

చిన్న మొద్దులను ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగేవాళ్ళకు ఒక్క హెచ్చరిక. గొలుసు కింద డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింక్ పిన్నుకు కడితే, మొద్దు కదలనప్పుడు ముందు చక్రాలు లేచి బండి డ్రైవరు మీదికే తిరగబడుతుంది. దూకే వ్యవధి ఉండదు.

పెరికిన కంపను తగలబెట్టకండి. లావు కట్టె బొగ్గులవాళ్ళు కొంటారు, ఆ డబ్బు ఎవరిదో ముందే అనుకోండి. ముళ్ళకొమ్మలు చుట్టూ కంచెకు పనికొస్తాయి. వాలుకు అడ్డంగా పరిస్తే మన్ను కోసుకుపోదు. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి ఎలా పొంగిందో చూసినవాళ్ళు, నున్నగా గీకిన చేనును అక్టోబరుకు అట్టే వదిలెయ్యరు. ఎండాకాలంలో పెరికి, తొలి వానకు తొమ్మిది పళ్ళ మడకతో దున్ని వేళ్ళు ఏరించి, ఆ తర్వాతే రోటవేటర్ తిప్పాలి. ముందే తిప్పితే బ్లేళ్ళు విరుగుతాయి.

తొలి వానలకు పాత విత్తనాలు వందలుగా మొలుస్తాయి. జానెడు ఎత్తులో ఉండగానే రెండో విడత దున్నేసి ఉలవలు చల్లించండి. నేల కప్పుకుంటుంది, పశువుకు మేతా దొరుకుతుంది. ఎరువు కోసం గొర్రెల మంద కట్టిస్తానని సొంతదారు అంటే, ఎక్కడ మేసిన మందో అడగండి. కంపకాయ తిన్న గొర్రె కడుపులో ఆ విత్తనం చావదు, పెంటికలోనే మళ్ళీ చేలోకి వస్తుంది. కాయలు రాలే నెలల్లో మంద వద్దని, కట్టిస్తే మూడో విడత ధర మారుతుందని ఒప్పందంలోనే రాసుకోండి.