కొయ్య దీపస్తంభం

పిల్లలూ! సండూరు కొండల్లోని ఎర్రని ఇనుప ఖనిజం లారీల మీద, రైళ్ల మీద తరలిపోవడం మీరు చూసే ఉంటారు. అమెరికాలో సుపీరియర్ సరస్సు ప్రాంతంలో కూడా అలాంటి గనులున్నాయి. అక్కడి ఖనిజం ఓడల్లో వెళుతుంది.

ఆ సరస్సు విస్తీర్ణం సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. అంటే కర్ణాటక రాష్ట్రంలో సగానికి కొంచెం తక్కువ! అందులోవి మంచినీళ్లే. అయినా గాలి వీచిందంటే సముద్రంలో వలె అలలు లేస్తాయి. 1855లో కాలువ, లాకులు తెరవడంతో సరస్సులో ఓడల రాకపోకలు పెరిగాయి. గాలివానలో చిక్కిన ఓడలకు మ్యునిసింగ్ రేవు మంచి ఆశ్రయం. కాని ఆ రేవు ముందు గ్రాండ్ దీవి అడ్డుగా ఉంది. దాని పక్కనున్న ఇరుకు దారిలోనే ఓడలు రావాలి. చీకటిలో తూర్పు దారి చూపడానికి 1868లో దీవి ఒడ్డున దీపస్తంభం వెలిగింది.

దానిని కొయ్యతో కట్టారు. చిన్న ఇల్లు, దానిని ఆనుకొని చదరపు గోపురం, గోపురం మీద గాజు గది. కాపరి సాయంత్రం మెట్లెక్కి దీపం వెలిగించి, తెల్లవారేదాకా ఆరకుండా చూసేవాడు. దీపం చుట్టూ ఉన్న గాజు కటకం వెలుగును కూడగట్టి దూరానికి పంపేది.

అయినా ఆ వెలుగు సరస్సు మీది నావికులకు సరిగా కనిపించేది కాదు. 1908లో మ్యునిసింగ్ తీరాన ఒకదాని వెనుక ఒకటిగా రెండు దీపాలు నిలిపారు. రెండూ ఒకే వరుసలో కనిపిస్తే ఓడ సరైన దారిలో ఉన్నట్లు. ఇక పాత దీపంతో పని లేకపోయింది. రంగు వెలిసింది, పలకలు శిథిలమయ్యాయి. అలలు పునాది కింది నేలను కోయసాగాయి.

1990లలో అది కూలే స్థితికి చేరింది. అప్పుడు స్థానికులు ముందుకు వచ్చారు. చందాలు పోగుచేశారు, శ్రమదానం చేశారు. 2000లో ఒడ్డున దుంగలతో అడ్డుగోడ కట్టి అలలను ఆపారు. దీపం లేకపోయినా స్తంభం నిలిచింది. నేడు పడవల్లో వెళ్లే యాత్రికులు దానిని ఆసక్తితో చూస్తారు.

పని తీరిన కట్టడం పనికిరానిది కాదు. మన పూర్వులు ఎలా బతికారో అది చెబుతుంది. దానిని కాపాడడం ఊరందరి బాధ్యత.

ప్రశ్నలు

1. దీపస్తంభాన్ని గ్రాండ్ దీవిలో ఎందుకు కట్టారు?
2. మీ ఊరిలో వాడుక తప్పిన బావి, బురుజు, చావడి వంటివి ఉన్నాయా? వాటి కథ పెద్దలనడిగి పది వాక్యాల్లో రాయండి.