గృహస్థుని ఇల్లు – స్వామి కోవెల

వానకు కప్పు కారి, గోడ నెఱియ విచ్చినపుడు, ఈ ఇంటి జంజాటము దైవచింతనకు అడ్డమని గృహస్థులు విసుగుకొందురు. శ్రీనివాసుని కోవెలకే ఆ పని తప్పలేదు! తిరుమలలో పండ్రెండేండ్ల కొకమారు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము జరుగును. 2018 ఆగస్టులో స్వామి శక్తిని కుంభమున ఆవాహన చేసి, యాగశాలకు వేంచేపు చేసి, పిదప గర్భాలయమున పనులు జరిపిరి. ఎనిమిది ద్రవ్యములు దంచిన ముద్దతో పీఠపు సందులు పూడ్చిరి. నిత్యకైంకర్యములు మాత్రము యాగశాలలో సాగినవి.

మన యింటను అట్లే. పూజగది గోడ చెమ్మగిలినచో, మేస్త్రి వచ్చుటకు ముందే సాలగ్రామమును వేఱొక గదికి వేంచేపు చేసి నిత్యపూజ సాగింపవలెను. మ్రొక్కుబడి ముడుపు విప్పి సిమెంటు కొనుట తగదు. యాత్రకై కూడబెట్టిన దారిఖర్చును వాడుకొనవచ్చును. కొండకు మరుసటి యేడు పోవచ్చును, కారుచున్న కప్పు అన్నాళ్ళు ఆగదు.