గుంపుకు తెలిసిన జవాబు

2014లో మా టీవీలో నాగార్జున నడిపిన ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’లో, జవాబు తోచని పోటీదారుకు ఒక లైఫ్‌లైన్ ఉండేది. హాలులోని ప్రేక్షకుల ఓటు అడగవచ్చు. తయారై వచ్చిన మనిషికే తెలియనిది, ఊరికే చూడవచ్చిన వారికి తెలుస్తుందా? లెక్క కట్టి చూద్దాం.

ప్రేక్షకులు 100 మంది అనుకోండి. జవాబు తెలిసినవారు 20 మందే. మిగతా 80 మంది ఏదో ఒక మీట నొక్కేశారు. ఆ ఓట్లు నాలుగు జవాబులకూ రమారమి ఇరవయ్యేసి పడతాయి. అప్పుడు సరైన జవాబుకు 40, తక్కినవాటికి తలా 20. చూశారా! తెలియనివారి ఓట్లు సమంగా చెదిరిపోయాయి. తెలిసిన ఆ కొద్దిమందే నెగ్గించారు.

1906లో ఇంగ్లండులోని ప్లిమత్ సంతలో, ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో చెప్పమని పందెం పెట్టారు. ఫ్రాన్సిస్ గాల్టన్ 787 చీటీలను వరుసగా పేర్చి చూస్తే, సరిగ్గా నడుమ ఉన్న అంచనా 1207 పౌన్లు. ఆయన ప్రకటించిన అసలు తూకం 1198!

అయితే అందరూ ఒకే వైపు పొరబడితే ఈ లెక్క తలకిందులే. తెల్లాపూర్ ఏ జిల్లాలో ఉంది? గచ్చిబౌలికి దగ్గరే కదా అని ఆ 80 మందిలో 50 మంది రంగారెడ్డి అన్నారనుకోండి. మిగిలిన మూడు జిల్లాలకూ పదేసి. సరైన జవాబు సంగారెడ్డి (2016కు ముందు మెదక్). దానికి వచ్చేది 30 ఓట్లే!

మీ తరగతిలో అడిగి చూడండి. చీటీల మీద రాయించండి. ఒకరిది ఒకరు చూడకూడదు సుమా!