వెలిగే బోర్డు కొనే ముందు దూరం కొలవండి

షాపు ముందు పాత ఫ్లెక్సీ తీసేసి వెలిగే బోర్డు పెట్టాలనుకోగానే చాలామంది మొదట అడిగేది ధర. అంతకంటే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఆ బోర్డు చదివే మనిషి ఎంత దూరంలో ఉంటాడు? అందులో రాసింది ఎవరు మారుస్తారు, ఎన్నాళ్లకోసారి? వీటికి జవాబు దొరికితే ఏది కొనాలో దాదాపు తేలిపోతుంది.

వెలిగే బోర్డుల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఎలక్ట్రానిక్ బోర్డు అంటే బజారులో రోజూ చూసే ఎల్‌ఈడీ స్క్రోలింగ్ బోర్డు. చుక్కల్లాంటి లైట్లతో అక్షరాలు, అంకెలు వస్తాయి. డిజిటల్ సైనేజ్ అంటే ఎల్‌సీడీ స్క్రీన్, దానికి తగిలించిన చిన్న ప్లేయర్, వేళను బట్టి ఏం చూపాలో చెప్పే సాఫ్ట్‌వేర్. ఫొటోలు, వీడియోలు, ధరల పట్టికలు దీని పని.

స్క్రోలింగ్ బోర్డుల్లో ఎక్కువగా దొరికేది పీ10 రకం. పక్కపక్కనున్న రెండు చుక్కల మధ్య దూరం, అంటే పిచ్, 10 మిల్లీమీటర్లన్నమాట. ఒక్కో మాడ్యూల్ 32 సెంటీమీటర్ల పొడవు, 16 సెంటీమీటర్ల ఎత్తు. ఎన్ని మిల్లీమీటర్ల పిచ్ అయితే కనీసం అన్ని మీటర్ల దూరం నుంచి చూడాలన్నది ఈ పనిలో వాడే లెక్క. కాబట్టి పీ10 రోడ్డు మీద పోయేవాళ్లకు బాగుంటుంది. కౌంటరు ముందు నిలబడ్డవాళ్లకు చుక్కలే కనబడతాయి, మాట కుదురుగా కనబడదు.

తెలుగులో రాయించేవాళ్లు ఇక్కడ ఇంకాస్త ఆగి ఆలోచించాలి. ఒక్క మాడ్యూల్ ఎత్తులో ఉండేవి 16 చుక్కలు. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు అవి హాయిగా సరిపోతాయి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు కావాలి. వాటికి చోటిచ్చాక అసలు అక్షరానికి మిగిలేది కొంచెమే. ‘స్త్రీల వైద్య నిపుణులు’ అని వేయిస్తే ఒత్తులు ముద్దైపోతాయి. రెండు వరుసల మాడ్యూళ్లు పెట్టించి 32 చుక్కల ఎత్తు తీసుకోండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. చదవలేని బోర్డుకు పెట్టింది మొత్తం వృథా కదా! పైగా బోర్డును నడిపే కొన్ని కంట్రోలర్ల సాఫ్ట్‌వేర్‌కు తెలుగు ఒత్తులు కలపడం రాదు, అక్షరాలు విడివిడిగా పడతాయి. అప్పుడు మాటల్ని కంప్యూటర్‌లో బొమ్మగా తయారుచేసి ఎక్కించాలి. ఆ పని అమ్మేవాళ్లు మీకు నేర్పుతారో లేదో ముందే అడగండి. అడ్వాన్సు ఇవ్వకముందే మీ షాపు పేరు, ఒత్తులున్న నాలుగు మాటలు వేయించి, రోడ్డు అవతలికి వెళ్లి చదివి చూడండి. ‘తెలుగు సరిగా రాదండీ, ఇంగ్లిష్‌లో పెట్టేద్దాం’ అంటే ఒప్పుకోకండి. మీ దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో ఇంగ్లిష్ చదవలేనివాళ్లు ఎందరో ఉంటారు, వాళ్లూ మీ ఖాతాదారులే.

బైకు మీద పోయే మనిషి మీ బోర్డుకు ఇచ్చేది కొన్ని సెకన్లే. పొడుగాటి వాక్యం జరుగుతూ పోతే సగం చూసేలోగా దాటిపోతాడు. రెండు మూడు మాటలు కదలకుండా నిలిపితే మేలు.

లోపల కూర్చుని ఎదురుచూసేవాళ్లున్న చోట స్క్రీనే సరైనది. డయాగ్నస్టిక్ సెంటర్, టిఫిన్ సెంటర్, బ్యాంకు హాలు లాంటివి. అయితే ఇంటి టీవీ తెచ్చి తగిలించేయకండి. రోజంతా నడపడానికి అది తయారైంది కాదు, వాణిజ్య వాడకానికి దాని వారంటీ సాధారణంగా వర్తించదు. వాణిజ్య ప్యానెళ్ల మీద రోజుకు 16 గంటలా, 24 గంటలా అన్నది రాసి ఉంటుంది, చూసి తీసుకోండి. వెలుగు సంగతీ అంతే. ఇంటి టీవీ వెలుగు మామూలుగా 250 నుంచి 350 నిట్స్. ఎండ పడే అద్దం వెనక పెట్టాలంటే 2,500 నిట్స్ పైమాటే కావాలి. లోపల పెట్టే మామూలు స్క్రీన్‌కు కరెంటు గురించి అంత దిగులక్కర్లేదు. 100 వాట్ల స్క్రీన్ 12 గంటలు నడిస్తే 1.2 యూనిట్లు.

స్క్రీన్‌కు అసలు ఖర్చు కొన్న తర్వాత మొదలవుతుంది. పొద్దున ఇడ్లీ, సాయంత్రం బజ్జీ చూపాలంటే ఆ బొమ్మలు ఎవరో ఒకరు తయారుచేయాలి, ధర పెరిగిన రోజే మార్చాలి. ఆ పని ఫలానావాళ్లదని పేరు పెట్టి అప్పగించలేకపోతే స్క్రీన్ కొనవద్దనే నా సలహా. సంక్రాంతి ఆఫర్ ఉగాదికీ తిరుగుతుంటే కొట్టు మీదే నమ్మకం పోతుంది. ఒకే షాపైతే పెన్‌డ్రైవ్ చాలు. నాలుగైదు బ్రాంచీలుంటేనే నెలనెలా చందా కట్టే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌కు అర్థముంది. నెట్ పోయినా స్క్రీన్ ఆగకుండా నడుస్తుందా అని పరీక్షించి తీసుకోండి.

ఈ రెండూ అక్కర్లేని చోట్లూ ఉన్నాయి. బంగారం కొట్టులో రేటు చూపడానికి రిమోట్‌తో మార్చే అంకెల బోర్డు సరిపోతుంది. వీధిలో అందరికీ తెలిసిన కిరాణా కొట్టుకు వెనక లైటున్న మామూలు పేరు బోర్డు చాలు.

రోడ్డు వైపు ఏది పెట్టాలన్నా ముందు మునిసిపాలిటీలో అడగండి. హైదరాబాద్‌లో 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఉత్తర్వు నేల నుంచి 15 అడుగులు దాటిన ప్రకటనలను, మిణుకు మిణుకుమనే లైట్లున్న వాటిని నిషేధించింది.

బిల్లులో మాడ్యూల్, పవర్ సప్లై, కంట్రోలర్ వారంటీలు విడివిడిగా రాయించుకోండి. రెండు మాడ్యూళ్లు, ఒక పవర్ సప్లై అదనంగా కొని ఉంచుకోండి. తర్వాత తెచ్చినవి వెలుగులో కలవకపోవచ్చు. బోర్డు యాప్ పాస్‌వర్డ్, సాఫ్ట్‌వేర్ లాగిన్ మీ సొంత నంబరు మీదే తీసుకోండి. అమ్మినవాళ్ల నంబరు మీద ఉంటే ఒక్క ధర మార్చాలన్నా వాళ్లకే ఫోన్ చేయాల్సి వస్తుంది.