నడివయస్సున చెట్ల సంరక్షణ వృత్తి

వానలు పడగానే ప్రతి గ్రామమునను మొక్కలు నాటుదురు. మరుసటి వేసవిలో వానిలో ఎన్ని బ్రదికియున్నవో లెక్కించువారు తక్కువ. నాటుట ఒక దినము పని. పెంచుట మూడేండ్ల పని. ఆ మూడేండ్ల పనికి ఒక మనిషి కావలయును. అట్టివారిని ఎచ్చట వెదకవలయును, వారికి ఏమి నేర్పవలయును అను విషయమును కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పంచాయతీ సభ్యుల కొరకు ఇచ్చట వివరించుచున్నాము.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామమున నర్సరీ ఉండవలయుననియు, నాటిన మొక్కలలో నూటికి 85 అయినను బ్రదుకవలయుననియు విధించినది. పచ్చదనము కొరకు బడ్జెటులో నూటికి పది వంతులు కేటాయింపవలసి యున్నది. కావున చెట్టును కాపాడుట పంచాయతీకి వేడుక కాదు, బాధ్యత.

మన ప్రాంతమున గల్ఫ్ దేశములకు పోయి, నలువదియైదేండ్ల వయస్సున తిరిగివచ్చి, ఏమి చేయవలయునో తోచక కూర్చున్నవారు ప్రతి ఊరను కలరు. బాల్యము నుండి బీడీలు చుట్టి, పొగాకు దుమ్ముతో దగ్గు, నడుమునొప్పి తెచ్చుకొని వేరొక పని కోరుచున్న స్త్రీలును కలరు. రాళ్ళు మోయు పనికి వీరిని ఎవరును పిలువరు. చెట్ల పనికి మాత్రము వీరు తగినవారు. ఈ పనికి బలము కంటె ఓర్పు, క్రమము, చూపు ముఖ్యములు. ఇరువదేండ్ల యువకుడు పట్నములో పని దొరకగానే వెడలిపోవును. ఊరిలో స్థిరపడిన నడివయస్సువారు మూడేండ్లును నిలుతురు.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వాస్తవ్యులు దరిపల్లి రామయ్యగారు సైకిలు మీద విత్తనములు, మొక్కలు వేసికొని తిరిగి జీవితమంతయు చెట్లు పెంచిరి. ‘వనజీవి’ అని ప్రసిద్ధిచెందిన ఆయనకు 2017లో పద్మశ్రీ లభించినది. 2025 ఏప్రిల్‌లో కాలధర్మము చెందిరి. అట్టి త్యాగమును పొగడవచ్చును గాని, ఇల్లు గడుపుకొనవలసిన మనిషి నుండి దానిని కోరుట న్యాయము కాదు. పనికి కూలి ఈయవలయును.

క్రొత్తవారిని మొదటి సంవత్సరము నర్సరీలో ఉంచుట మంచిది. విత్తనముల స్వభావము అచ్చటనే తెలియును. వేపగింజ కొన్ని వారములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును. వేసవి చివర రాలిన పండ్లను ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే విత్తవలయును. చింతగింజలను ఒక రాత్రి నీట నానబెట్టిన చాలును. రేలగింజ పెంకు గట్టిది. వేడినీట వేసి చల్లారువరకు నానబెట్టనిదే త్వరగా మొలవదు.

ఇక నాటిన మొక్క సంగతి. గుంత అన్నివైపుల 45 సెంటీమీటర్లు ఉండవలయును. ప్లాస్టిక్ సంచిని అడుగు వరకు చీల్చి పూర్తిగా తీసివేయవలయును. సంచితోనే పాతిపెట్టిన మొక్కలు రెండవ యేట ఎండుట మనము అనేక చోట్ల చూచుచున్నాము. మట్టిగడ్డ చెదరరాదు. కాండము మొదట మన్ను ఎత్తుగా పోయరాదు. ఊతకర్రకు కట్టునపుడు ఇనుప తీగ వాడినచో అది కాండమును కోయును. గోనెనారతో వదులుగా కట్టవలయును. మేకల నుండి ముళ్ళకంప కాపాడును.

ఎల్లారెడ్డి వైపు ఎఱ్ఱ చెలక నేలలు నీటిని నిలుపవు. దినమునకు ఒక చెంబెడు చల్లినచో పైమన్ను మాత్రమే తడిసి, వేళ్ళు పైపైననే తిరుగును. మూడు నాలుగు దినములకొకసారి పాదు నిండ పోసినచో నీరు లోతునకు దిగును, వేళ్ళును దానివెంట పోవును. పాదులో ఎండుటాకులు పరచిన తేమ నిలుచును. అవి కాండమునకు తగులరాదు.

పెద్ద చెట్ల పని రెండవ మెట్టు. లావుపాటి కొమ్మను పైనుండి ఒక్క కోతతో నరికినచో అది విరుగునపుడు బోదె బెరడును చీల్చుకొనిపోవును. కనుక ముందుగా బోదెకు ఒక అడుగు దూరమున క్రిందినుండి కొంత కోసి, దానికి కొంచెము అవతల పైనుండి కోసి కొమ్మను పడవేయవలయును. పిదప మిగిలిన మోడును, కొమ్మ మొదట ఉబ్బియుండు వలయమునకు వెలుపల శుభ్రముగా కోయవలయును. ఆ వలయమే గాయమును మాన్పును. దానిని చెక్కివేయరాదు, మోడును విడువరాదు.

రచ్చబండ చుట్టును కాండము వరకు సిమెంటు వేయుట మన ఊళ్ళలో ఒక దురాచారమైనది. వేళ్ళకు గాలి, నీరు అందవు. చెట్టు క్రింద చెత్త కాల్చుట అంతకంటె చెరుపు.

ముదుసలి చెట్టుకు వైద్యమెట్లు చేయుదురో పాలమూరు పిల్లలమర్రి చూపినది. 2017 డిసెంబరులో దాని పెద్దకొమ్మ ఒకటి విరిగిపడెను. చెదలు తొలిచినట్లు తెలిసెను. 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించునట్లు, క్రిమిసంహారక ద్రావణము నింపిన సీసాలను కొమ్మలకు వ్రేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించిరి. బరువైన కొమ్మలకు స్తంభములు కట్టిరి. ఊడలు నేలకు దిగుటకు గొట్టములు అమర్చిరి. ఇది అటవీశాఖ వారి పర్యవేక్షణలో జరిగిన పని. గ్రామములలో ఎవరికి వారు మందులు ఎక్కింపరాదు.

నలువదియైదేండ్లకు చెట్టెక్కుట నేర్చుకొనవలదు. నేలమీద నిలిచి పొడుగు కర్రకు బిగించిన కొడవలితో చేయగలిగినంత చేసి, ఎత్తు పనికి గీత కార్మికుని పిలువవలయును. మోకుపై చెట్టెక్కుట ఆయనకు కులవిద్య. వారికొరకై ప్రభుత్వము 2024లో కాటమయ్య రక్షణ కవచములను పంచసాగినది; కొమ్మలు కోయునపుడును అవి ఉపయోగపడును. విద్యుత్తు తీగల చెంతనున్న కొమ్మను లైన్‌మన్ సరఫరా నిలుపనిదే ఎవరును ముట్టరాదు.

2025 ఆగష్టు చివర కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములను వరదలు ముంచెత్తినవి. అట్టి వానల పిదప ఒరిగిన మొక్కను నేల మెత్తగా ఉండగానే నిలిపి ఊతమీయవలయును; పాదులో నిలిచిన నీటికి కాలువ తీయవలయును. వారము ఆలసించిన వేళ్ళు కుళ్ళును. నిత్యము చెట్లను చూచు మనిషి ఒకడున్న ఊరిలోనే ఈ పని వేళకు జరుగును.

జీతము దినసరిగా కాక నెలవారీగా, మూడేండ్లకు ఒకే మనిషికి ఈయవలయును. పంచాయతీ పనితో పాటు మామిడి తోటలలో కోత ముగిసిన పిదప కొమ్మలు సవరించుట, బడులలో, గుడులలో చెట్లను చూచుట వలన వేరొక ఆదాయము కలుగును. చెట్టు కొట్టుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి కావలయునను సంగతి అతనికి ముందే తెలుపవలయును. అడిగినవారికెల్ల గొడ్డలి పట్టిన పిదప చిక్కులు పంచాయతీకే వచ్చును.

జూనులో గుంతలు త్రవ్వుటకు ముందు, మే నెలలోనే ఆ మనిషిని ఎన్నుకొని, నిరుటి మొక్కలలో మిగిలినవానిని అతనిచేతనే లెక్కపెట్టించి, ప్రతి మొక్కకు ఒక సంఖ్యవేసి రిజిస్టరులో వ్రాయింపవలయును. ఎండిన ప్రతిదాని ఎదుట కారణమును వ్రాయవలయును: నీరు లేకనా, మేక తినెనా, సంచి తీయలేదా. ఆ రిజిస్టరును చూచిన పిదపనే ఈ యేడు ఎన్ని మొక్కలు నాటవలయునో సభలో నిర్ణయించుట మంచిది.