ఇరుసు చీల – అరువు మేకు

చక్రం తిరగడానికి ఇరుసు ఎంత అవసరమో, ఆ చక్రం ఇరుసు నుండి జారిపోకుండా ఉండడానికి చీల అంత అవసరం. ఎడ్లబండికి ఉండే ఈ చీలను మన పెద్దలు కడచీల అన్నారు. నేటి ట్రాక్టరు ట్రాలీలో ఇరుసు కొనకు మరచుట్లు ఉంటాయి. వాటిపై కోటబురుజు వలె గాళ్లు గల నట్టు బిగుస్తుంది. ఆ గాడి గుండా, ఇరుసుకు తొలిచిన రంధ్రం గుండా దూర్చి, రెండు కాళ్లు విడదీసి మడిచే స్ప్లిట్ పిన్ను నట్టును కదలనీయదు.

ఈ పిన్ను వెల స్వల్పం. అయినను పనుల తొందరలో అది దొరకనప్పుడు, చేతికందిన మేకునో, తీగ ముక్కనో, విరిగిన డ్రిల్లు ములికినో అక్కడ దిగగొట్టడం పరిపాటి. ఉర్దూలో మేఖ్ అన్నా, తెలుగులో మేకు అన్నా అది కర్రలో దిగడానికి పుట్టిన వస్తువు. తిరిగే ఇరుసు కోసం పుట్టినది కాదు. సన్ననిదైతే రంధ్రంలో ఆడి, అరిగి రాలిపోతుంది. లావుదైతే బిగుసుకొని మరల బయటకు రాదు. రాలిపోతే నట్టు వదులై చక్రమే ఊడవచ్చు. ఆ ట్రాలీలో పత్తి బోరెములే కాదు, కూలికి పోయే మనుషులు కూడా కూర్చుంటారని మరువరాదు.

బిగుసుకున్న మేకును తీయడమెట్లు? ముందుగా అది ఎందుకు బిగిసినదో విచారించాలి. కారణాలు రెండు. మొదటిది తుప్పు: ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం పెరిగి రంధ్రాన్ని నింపివేస్తుంది. రెండవది ఒత్తిడి: నట్టు ఏ కొంచెం తిరగజూచినా గాడి అంచు మేకును కత్తెర వలె నొక్కుతుంది. కనుక సుత్తి బలం కంటె ముందు ఈ రెండింటిని తొలగించాలి.

బరువు దించి, సమతలంలో నిలిపి, మిగిలిన చక్రాలకు రాళ్లు అడ్డు పెట్టాలి. జాకీ ఒక్కదానినే నమ్మరాదు. గ్రీజు మూత తీసి, గ్రీజు తుడిచి, మేకు తల ఏ వైపున ఉన్నదో చూడాలి. మడిచిన కొనను కటింగ్ ప్లయరుతో నట్టు అంచు దాకా తెంపి, తెగినచోట లేచిన గరుకును ఆకురాయితో నున్న చేయాలి. పిదప కిరోసిన్‌లో కొంచెం నూనె కలిపి పోసి, ఒక రాత్రి విడిచిపెట్టాలి. నిప్పు పెట్టి కాల్చడం తగదు. గ్రీజు అంటుకొనును, బేరింగు పదును పోవును, రబ్బరు సీలు కాలిపోవును.

మరునాడు పానాతో నట్టును వెంట్రుకవాసి అటు ఇటు కదిలించాలి. ఒత్తిడి సడలిన స్థానంలో ఆపి, రంధ్రం కంటె సన్నని పంచిని తెగిన కొనపై నిలిపి, తల వైపుకు చిన్న చిన్న దెబ్బలు వేయాలి. పెద్ద దెబ్బ మేకు కొనను గొడుగు వలె విప్పి మరింత బిగిస్తుంది. లోపల విరిగితే సన్నని డ్రిల్లుతో తొలవవచ్చు. కాని అక్కడ ఉన్నది డ్రిల్లు ములికి వంటి గట్టి ఉక్కు అయితే డ్రిల్లు దిగదు. అప్పుడు కళ్లద్దాలు ధరించి, ఇరుసు మరచుట్లకు తగలకుండా నట్టునే ఉలితో చీల్చడం మంచిది. నట్టు మార్చవచ్చు, ఇరుసు మార్చడం ఖరీదైన పని.

తిరిగి బిగించునప్పుడు చక్రాన్ని తిప్పుతూ, కొంచెం పట్టేదాకా నట్టు బిగించి, చక్రం ఊగక సులువుగా తిరిగే దగ్గరి గాడికి వెనుకకు తీసి, రంధ్రానికి సరిపడే కొత్త స్ప్లిట్ పిన్నును వేయాలి. ఒకసారి మడిచి తీసిన పిన్ను మరల పనికిరాదు.

దశరథుని రథానికి చీల ఊడగా కైకేయి తన వేలిని అక్కడ నిలిపినదన్న కథ మన పల్లెల్లో ప్రసిద్ధం. వాల్మీకి చెప్పినది ఆమె భర్తను రణరంగం నుండి తప్పించినదని మాత్రమే. వేలి కథ తరువాతి సంప్రదాయం. ఆ వేలు ఆనాటికి రథాన్ని నిలిపినది. అందుకు బదులుగా ఇచ్చిన రెండు వరాల మూల్యాన్ని మాత్రం అయోధ్య అంతా చెల్లించినది. దారి మధ్యలో గత్యంతరం లేక మేకు దూర్చిన వానిని మేము తప్పుపట్టము. కాని ఊరు చేరిన సాయంత్రమే, తుప్పు పట్టకముందే, దూర్చిన చేయే దానిని తీసి సరియైన పిన్ను వేయాలి. అట్లు చేయనిచో ఆ శ్రమ, ఆ ప్రమాదం ముక్కూ మొగం తెలియని మరొకరి పాలవుతాయి. విద్యార్థులు రేపు ఏ వృత్తిలో ప్రవేశించినా ఈ సంగతి గుర్తుంచుకోవాలని మా కోరిక.